మా జేజి నోరు మూసుకున్న పత్తి కాలం

మల్దకల్ తిమ్మప్ప గుడి పంతుళ్లు తరతరాలుగా చేయించిన పెళ్లిళ్లన్నీ పోగేసినా, మా జేజి తిమ్మక్క ఒక్క పత్తి కాలంలో చేయించే పెళ్లిళ్లలో ఓ మూలకు కూడా రావు. తిమ్మప్పకే ఇంకో సంబంధం చూడాల్సి వస్తే, ఆయన మెట్లు దిగి మా ఇంటికి వచ్చి, అరుగు మీద చెప్పులు విడిచి, జేజిని సలహా అడుగుతాడు. జేజి కూడా ఊరికే చెప్పదు. ముందు ఆయన గోత్రం అడుగుతుంది.

ఆ పెళ్లిళ్లు మనుషులవి కావు, పత్తిపూలవి. గద్వాల చుట్టుపక్కల సీడు పత్తి, అంటే కంపెనీలకు విత్తనాల కోసం పెంచే పత్తి, వేసిన ఇళ్లన్నింట్లో ఇదే పని. మధ్యాహ్నం పూట, మర్నాడు విచ్చుకోబోయే ఆడమొక్క మొగ్గను చూసుకుని, బొటనవేలి గోటితో రేకులూ లోపలి పుప్పొడీ ఒలిచేయాలి. నడిమి కాడకు మాత్రం గీత కూడా పడకూడదు. తెల్లారి మగపువ్వు తెచ్చి ఆ కాడకు రుద్దాలి. దాన్నే క్రాసింగ్ అంటారు. మనం ఆగినా పువ్వు ఆగదు. అందుకే ఆ కాలమంతా కూలీలకు పండగ ఉండదు, జ్వరం ఉండదు, అత్తగారిల్లు ఉండదు.

మా వైపు నాయన తల్లిని జేజి అంటారు. మా జేజి ఇంట్లో మాట్లాడితే చేలో వినపడుతుంది, చేలో మాట్లాడితే పక్క ఊరి బస్టాండులో వినపడుతుంది. ఆమెకు ఫోన్ కొనివ్వడం దండగ అని తాత బతికినన్నాళ్లూ అనేవాడు. అంత గొంతున్న మనిషి పూల పెళ్లిళ్లతో ఊరుకుంటుందా? చేనుకు వచ్చే కూలీల సంసారాలన్నీ ఆమెకే కావాలి. ఇది ఒక్క జేజి అలవాటే కాదు. సీడు పత్తి వేసే ఊళ్లలో పని పెట్టిన ఇంటి పెద్దమ్మే కూలీల తగువులకు పెద్దమనిషి కూడా. ఎవరి మొగుడైనా చెయ్యి చేసుకున్నాడని తెలిస్తే జేజి అతన్ని చేనుకు పిలిపించేది. అందరి ముందు నిలబెట్టి, నాలుగు తిట్టి, తిమ్మప్ప మీద ఒట్టు వేయించి పంపేది. ఆ ఒట్టు ఇంతవరకూ ఎవడూ తప్పలేదని ఆమె గట్టి నమ్మకం. తప్పితే వాళ్ల పెళ్లాలు వచ్చి ఎందుకు చెప్తారన్నది ఆమె బుర్రకు తట్టలేదు.

నిరుడు క్రాసింగ్ మంచి ఊపులో ఉన్నప్పుడు జరిగిందిది.

స్వరూప అని ఒకామె పక్క ఊరి నుంచి మిగతా ఆడవాళ్లతో కలిసి ఆటోలో వచ్చేది. ఆ ఆటో ఆమె మొగుడు ఈరన్నదే. పొద్దున దింపి, సాయంత్రం ఎక్కించుకుపోయేవాడు. కూతురు సింధూజ నాగర్‌కర్నూల్‌లో స్వరూప తల్లి దగ్గర చదువుకుంటోంది. మొగ్గ ఒలవడంలో స్వరూపను మించినవాళ్లు లేరు. జేజి పొగడ్త చాలా పిసినారితనంగా వాడుతుంది కానీ, స్వరూప వరసకు వచ్చినప్పుడు మాత్రం ఏమీ అనకుండా దాటిపోయేది. అదే పొగడ్త.

ఆ మధ్యాహ్నం స్వరూప వరసలో మొగ్గలు చీలిపోయి ఉన్నాయి. జేజి ఒకటి తెంపి పైకెత్తింది.

"ఏందే స్వరూపా, మొగ్గను గిల్లమంటే గొంతు పిసికినవు? ఎవరి మీద కోపమే?"

పక్క వరసలోంచి సారమ్మ అందుకుంది. "మొగుని మీద కోపముంటే మొగ్గ ఏం చేసింది పెద్దమ్మా!"

అందరూ నవ్వారు. స్వరూప కూడా నవ్వింది. అందరికన్నా ముందు నవ్వి, అందరికన్నా ముందు ఆపేసింది.

పత్తి చేలో ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కా వేసుకుంటారు. ఎండకూ, ఆకు దురదకూ, కొట్టిన మందుకూ అదే అడ్డం. సద్ది తినేటప్పుడు చొక్కాలు విప్పి వేపచెట్టు కొమ్మకు తగిలిస్తారు. ఆ రోజు కొమ్మ మీద ఒక చొక్కా తగ్గింది.

"చొక్కా ఇప్పవే, ఉడికిపోతవు," అంది జేజి.

"చలి పెడ్తుంది పెద్దమ్మా."

"గీ ఎండల చలేందే?" అంటూనే జేజి పక్కన కూర్చుని, జ్వరమేమో చూద్దామని ఆమె చొక్కా చెయ్యి పైకి లాగింది. మణికట్టు నుంచి మోచేతి దాకా కమిలి నల్లబడి ఉంది. రొట్టెలు నమిలే చప్పుడు ఆగిపోయింది.

"పడ్డ," అంది స్వరూప.

"యాడ పడ్డవే? అయిదు వేళ్లున్న రాయి మీదనా?"

మాట బాగానే పేలింది. అందరూ విన్నారు కూడా.

సాయంత్రం ఈరన్న ఆటో గట్టు దగ్గర ఆగింది. ఈరన్న చూడ్డానికి మంచివాడే. ముసలివాళ్లను చెయ్యి పట్టి ఎక్కిస్తాడు, దారి పొడుగునా నవ్విస్తాడు. జేజి కొంగు బిగించి అతన్ని చేలోకి పిలిచింది. స్వరూప ఆమె దగ్గరికి వచ్చి నేల చూపులు చూస్తూ, "ఒద్దు పెద్దమ్మా," అంది మెల్లగా. జేజికి ఆ మాట వినపడింది. ఆడపిల్ల సిగ్గు పడుతోందనుకుంది.

ఇక మొదలుపెట్టింది. మగతనం ఆటో మీద చూపించుకో అంది. పెళ్లాం చెయ్యి ఇరిగితే నీ బువ్వ ఎవడొండుతడు అంది. ఇంకా ఏమేమో అంది, అవి రాస్తే ఈ కాగితం పనికిరాదు. ఈరన్న తల వంచుకుని అంతా విన్నాడు. తర్వాత గుడి ఉన్న దిక్కుకు తిరిగి చేతులు జోడించాడు.

"తిమ్మప్ప మీద ఒట్టు పెద్దమ్మా. ఇగ ముట్ట."

"గట్లుండాలె," అంది జేజి.

ఆడవాళ్లంతా అదే ఆటో ఎక్కారు. స్వరూప కూడా ఎక్కింది. జేజి ఇంటికి వచ్చి, ఒక రొట్టె ఎక్కువే తిని, ఈరన్నను ఎలా వంచిందో ఇంట్లో అందరికీ విడివిడిగా చెప్పింది.

తెల్లారి ఆటోలోంచి స్వరూప దిగలేదు.

"పానం బాగలే పెద్దమ్మా, పండుకుంది," అన్నాడు ఈరన్న నవ్వుతూనే. సారమ్మ జేజి వైపు చూడకుండా వరసలోకి పోయింది. జేజి వెనకే పోయింది.

"ఏమైందే?"

సారమ్మ చేతిలోని మగపువ్వును రుద్దుతూనే ఉంది. "అందర్ని దింపి ఇంటికి పోయిండు. నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవు, నువ్వు చెప్పకుంటే ఆ ముసల్దానికి ఎట్ల ఎరుక అన్నడంట. బొటనవేలు ఇరిచిండు పెద్దమ్మా. కుడిచేతిది."

"అది నాకేం చెప్పలేదు గదనే. చొక్కా నేనే లాగిన."

"ఆ ముచ్చట నువ్వు ఆయనకు చెప్పలే గదా," అంది సారమ్మ.

జేజి గట్టు మీద కూర్చుండిపోయింది. ఒద్దు పెద్దమ్మా అన్న ఆ రెండు ముక్కలూ ఇప్పుడు ఆమె చెవిలో తిరుగుతున్నాయి. వినపడనిదాన్ని వినలేదనుకుని ఊరుకోవచ్చు. ఇది వినపడింది. లేచి, చెప్పులు వేసుకుంది. వాడి ఇంటికే పోయి వాడి ఆటోను తగలబెట్టి వస్తానంది. గట్టు దాకా పోయి ఆగింది. నిన్న తిడితే వేలు పోయింది, ఇవాళ తిడితే ఏం పోతుందోనని వెనక్కి తిరిగింది. ఆ పూట ఆమె సద్ది మూట విప్పకుండానే ఇంటికి తెచ్చింది.

ఆ వారంలోనే విత్తనాల కంపెనీవాళ్లు సీడు రైతులందరినీ రైతు వేదికకు పిలిచారు. ఏటా పిలుస్తారు. మందు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోండి, పిల్లల్ని పనిలో పెట్టకండి అని చెప్పి, సమోసా పెట్టి పంపుతారు. ఈసారి వనపర్తి నుంచి ఇరమ్ అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. కూలీల్లో ఎవరైనా ఇంట్లో దెబ్బలు తింటుంటే పని ఇచ్చినవాళ్లు దాన్ని ఎలా గుర్తుపట్టాలి, ఏం చేయాలి అన్నది ఆమె చెప్పడానికి వచ్చిన విషయం.

ముందు వరసలో మా పక్క చేను మాసయ్య ఆవలించాడు. "కూలోళ్ల సంసారాలు మనకెందుకమ్మా? మనం చూడాల్సింది పత్తి."

"నీ చేన్ల ఒకామె చెయ్యి ఇరిగి క్రాసింగ్‌కు రాలేదనుకో తాతా, పువ్వు ఆగుతదా?"

"యాడ ఆగుతది!"

"మరి ఆ సంసారం నీ చేన్లకు వచ్చినట్టే గదా."

మాసయ్య రెండో ఆవలింతను మింగేశాడు. ఇరమ్ చెప్పుకుపోయింది. నిన్నటిదాకా బాగా చేసినామె ఒక్కసారిగా పని చెడగొడుతుంటే తిట్టే ముందు ఆలోచించాలి. ఎండలో కూడా చొక్కా విప్పకపోతే ఆలోచించాలి. నలుగురి ముందు అడగొద్దు. మొగుణ్ని పిలిచి నిలదీయొద్దు, రాజీ చేయొద్దు. ఆమె ఒద్దన్నది ఏదీ చేయొద్దు.

జేజి మూడో వరసలో కూర్చుని ఉంది. ఇరమ్ ఒక్కో మాటా అంటుంటే కొంగు కొంచెం కొంచెం ముందుకు లాక్కుంది. చివరికి మొహంలో ముక్కు మాత్రం మిగిలింది. అన్నీ అయ్యాక చెయ్యి ఎత్తింది.

"మా ఊళ్ల ఒకామె ఉంది బిడ్డా," అంటూ మొత్తం కథ చెప్పింది. ఆ ఒకామె ఎంత తెలివితక్కువదో కూడా చెప్పింది. హాలంతా ఆమె వైపే చూస్తోంది. మాసయ్య దగ్గాడు.

ఇరమ్ నవ్వలేదు. "ఆమె చెడ్డది కాదవ్వా. అందర్ని అడిగింది, ఆయన్ను అడిగింది, దేవుణ్ని గూడ అడిగింది. ఆ పిల్లను ఒక్కదాన్నే అడగలే."

"ఇప్పుడు ఆ ఒకామె ఏం చెయ్యాలె?"

"ఆ పిల్లకు పని పోకుండ చూడాలె. నోరు మూసుకోవాలె. ఒంటిగ దొరికినప్పుడు నీకేం కావాలె అని అడగాలె. చెప్తే అది చెయ్యాలె. చెప్పకుంటే బలవంతం చెయ్యొద్దు."

"నడిమిది జర కష్టం బిడ్డా," అంది జేజి.

హాలు ఘొల్లుమంది. జేజి నవ్వలేదు. బయటికి వచ్చాక స్కూటీ దగ్గర ఇరమ్‌ను పట్టుకుని, "వాని ఆటో బంద్ చేస్త," అంది.

"గిరాకి పోతే ఆ కోపం ఎవరి మీద తీస్తడు అవ్వా?"

జేజి కొంగు మళ్లీ ముందుకు లాక్కుంది. ఇరమ్ ఆమె ఫోన్ తీసుకుని, ఆడవాళ్లకు సాయం చేసే 181 నంబరూ తన నంబరూ వేసి ఇచ్చింది. నీకు పని ఉంది, ఎప్పుడైనా రా అనీ, 181 అని ఒక నంబరుందనీ మాత్రం సారమ్మ చేత స్వరూపకు కబురు పోయింది.

ఇంటికి కూలి డబ్బులు కావాలి కాబట్టి ఈరన్న కొన్నాళ్లకు ఆమెను తనే తెచ్చి దింపాడు. వేలికి పట్టీ ఉంది. మొగ్గ ఒలవలేదు. జేజి ఆమెకు మగపూల బుట్ట ఇచ్చి, ఎడమచేత్తో అందరికీ పూలు అందించే పని పెట్టింది. కూలి మాత్రం మునుపటంతే.

"చూసినవా పెద్దమ్మా, నీ మాట మీదనే పంపిన," అన్నాడు ఈరన్న. "ఒట్టేసినంక ముట్టలే."

జేజి నవ్వింది. ఆ నవ్వు చూసినవాళ్లకు ఆమె పన్ను సలుపుతోందేమో అనిపించింది. బోరు దగ్గరికి పోయి అతనికి మంచినీళ్లు కూడా తెచ్చిచ్చింది.

అందరూ వరసల్లోకి పోయాక, బుట్ట నింపే నెపంతో చేను చివర స్వరూప పక్కన చేరింది. ఇంటి దగ్గర చదువుకుని వచ్చిన పాఠంలా, "నీకేం కావాలె బిడ్డా?" అంది.

స్వరూప పూలు తెంపుతూనే ఉంది. "నువ్వు నోరు మూసుకుంటే సాలు పెద్దమ్మా."

"సరే."

"ఆ పొద్దు ఒద్దన్న. ఇన్నవా, ఇనలేదా?"

"ఇన్న."

"మరి?"

జేజి బుట్ట పట్టుకుని నిలబడింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో వింత జరిగింది. జేజి చేలో మాట్లాడటం మానేసింది. కూలీలు భయపడ్డారు. ఆమెకేదో పెద్ద రోగం వచ్చిందని సారమ్మ ఊళ్లో చెప్పింది. చీలిన మొగ్గలు కనపడ్డా తిట్టలేదు, మాసయ్య గట్టు జరిపినా అరవలేదు. రోజూ ఈరన్న వచ్చి ఒట్టు ముచ్చట ఎత్తి నవ్వేవాడు. జేజి రోజూ నీళ్లు ఇచ్చేది. అతను పోయాక ఆ గ్లాసును బూడిద వేసి తోముతూ కూర్చునేది, దాని మీద పువ్వు గుర్తు అరిగిపోయేదాకా.

ఇది రాస్తున్న మనవరాలు ఊరుకుంటుందా? "జేజీ, నీ గొంతుకు సైలెన్సర్ పెట్టించినవా?" అని అడిగింది. అంతకుముందైతే చెప్పు ఎగిరి వచ్చేది. ఈసారి జేజి, "దాని వేలు వంగుతలేదే," అంది.

పూత తగ్గే రోజుల్లో, ఒక మధ్యాహ్నం స్వరూప తనే వచ్చింది.

"పెద్దమ్మా, నీ ఫోన్ జరసేపు ఇస్తవా? నా ఫోన్ ఆయన చూస్తడు. ఆ 181కు మాట్లాడాలె."

జేజి ఫోన్ ఇచ్చి ఆమెను వేపచెట్టు అవతలికి పంపింది. తన చెవుల మీద తనకే నమ్మకం లేక పోయి బోరు మోటరు వేసి, దాని పక్కనే కూర్చుంది. మోటరు రొదలో ఏమీ వినపడలేదు. నీళ్లు మాసయ్య చేలోకి పారాయి. మాసయ్య వచ్చి ఏందిదని అరిస్తే, తాగమను నీ పత్తిని అంది. అంతే అంది.

ఫోన్ తిరిగి ఇస్తూ స్వరూప చెప్పింది. "గద్వాల సఖి కేంద్రమోళ్లు ఎల్లుండి పగటిపూట బండి పంపుతమన్నరు, వెనక బాటకు. నేను పోత. ఎవరికి చెప్పొద్దు. ఆడికెళ్లి యాడికి పోతనో నీకు గూడ చెప్ప."

"చెప్పకు," అంది జేజి. "చెప్తే నా నోట్ల ఆగదు. ఇంకేమన్న కావాలెనా?"

స్వరూప ఆలోచించింది. "సాయంత్రం ఆయన ఈళ్లను ఇడిచిపెట్టి పోతడేమో. సారమ్మోళ్లు ఎట్ల పోతరు?"

"అది నేను చూస్త."

జేజి మల్దకల్ నుంచి అబ్దుల్ వహాబ్ అనే పెద్దాయన ఆటోను ఆ సాయంత్రానికి మాట్లాడి పెట్టింది. ఎందుకని వహాబ్ అడిగితే, ముసలిదానికి తిరగబుద్ధయింది అంది. మూడో రోజు పగలు వెనక బాట మీద బండి ఆగింది. స్వరూప బుట్ట దించి, చొక్కా విప్పకుండానే ఎక్కి పోయింది. చేలో అందరూ చూశారు. ఎవరూ తల ఎత్తలేదు.

సాయంత్రం ఈరన్న లెక్క పెట్టుకున్నాడు. "స్వరూప ఏది?"

"పగటీలి పోయింది."

"యాడికి?"

"నాకు చెప్పలే."

అది నిజం కాబట్టి జేజి అతని కళ్లలోకి చూసే చెప్పింది. నిజం కాకపోయి ఉంటే మొహంలోనే దొరికిపోయేది. ఈరన్న అరిచాడు. నా పెళ్లాం నీ చేన్ల పోతే నీది బాధ్యత కాదా, నువ్వు పెద్దమ్మవేనా అన్నాడు. జేజి నోట్లో ఎన్ని తిట్లు తిరిగాయో తిమ్మప్పకే తెలియాలి. ఒకటి పెదవి దాకా వచ్చింది కూడా. ఆమె కింది పెదవిని పళ్లతో పట్టుకుని నిలబడింది. ఈరన్న ఖాళీ ఆటోను తోలుకుపోయాడు. గట్టు కింద నుంచి వహాబ్ ఆటో వచ్చి ఆగింది.

స్వరూప కొన్నాళ్లు సఖి కేంద్రంలో ఉండి నాగర్‌కర్నూల్‌లో తల్లి దగ్గరికి చేరింది. కేసు నడుస్తోంది. ఓ హాస్టల్ వంటింట్లో పని దొరికింది. స్వరూప చెప్పమన్నాకే ఈ సంగతులు ఇరమ్ జేజికి చెప్పింది. బొటనవేలు మాత్రం వంగదని, ఇక మొగ్గ ఒలవలేదని కూడా చెప్పింది. అది చెప్పమని స్వరూపే అందట.

ఈ ఏడు మా చేనుకు వహాబ్ ఆటోనే వస్తుంది. ఎవరి మొగుణ్నీ చేనుకు పిలవడం లేదు. కాలం మొదట్లో జేజి ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, ఆపద వస్తే ఎవరికి కబురు చేయమంటారో అడిగింది. మా ఆయనకు చేయకు అన్నవాళ్లు ఇంతమంది ఉంటారని ఆమె అనుకోలేదు. పదేళ్లుగా ఒట్లు వేయించుకున్న ఇళ్లే అవి.

మొన్న ఇరమ్ ఆమెను వనపర్తిలో మిల్లులవాళ్ల మీటింగుకు తీసుకుపోయింది. జేజి మైకు ముందు నిలబడి, "మా ఊళ్ల ఒకామె," అని మొదలుపెట్టి ఆగింది. "ఒకామె గాదు. నేనే," అంది. ఒద్దన్న మాట వినపడ్డ సంగతి కూడా దాచలేదు. ఆఖర్న పల్లీల మిల్లు సేటు ఒకాయన లేచి, "పోనీలే పెద్దమ్మా, ఆ పిల్ల ఇప్పుడు నిన్ను మాఫ్ చేసింది గదా?" అన్నాడు. జేజి మైకు ఇరమ్ చేతిలో పెట్టి వచ్చి కూర్చుంది.

ఇంటికి వచ్చాక మనవరాలు ఇదంతా రాసి, చివర్లో జేజి మనసు తేలికపడాలని ఒక ముక్క కలిపింది. స్వరూప ఎప్పుడో క్షమించే ఉంటుంది అని. చదివి వినిపించింది.

జేజి పల్లీలు ఒలుస్తూ విన్నది. ఆఖరి ముక్క దగ్గర చెయ్యి ఆపింది.

"ఆమె అనలే. ఆమె అనని మాట అననీకి నువ్వెవతివే? కొట్టెయ్."